దీవికెళ్లిన బెల్లం

పటం ముందు నిలబడితే నాకు ఒళ్లు తెలిసేది కాదు. అనకాపల్లిలో ఒక జూనియర్ కాలేజీలో కామర్స్ చెప్పేవాణ్ని. మా క్లాసు గోడకు అంచులు చినిగిన ఆసియా పటం ఒకటి వేలాడేది. సిలబస్‌లో ఉన్నా లేకపోయినా, ఏడాదికి ఒక్కసారైనా దాని ముందు నిలబడి అండమాన్ నికోబార్ దీవుల గురించి చెప్పకపోతే నాకు ఆ ఏడు గడిచినట్టుండేది కాదు.

"ఇదిగో, ఇక్కడ చూడండి" అని కర్ర పెట్టేవాణ్ని. తూర్పు దేశాలకూ పడమటి దేశాలకూ మధ్య తిరిగే పెద్ద ఓడలు ఈ సన్నటి జలసంధిలోంచే పోతాయి. మన దీవుల కొస దానికి కూతవేటు దూరం. అయినా మన సరుకు పెద్ద ఓడ ఎక్కాలంటే ముందు చిన్న ఓడలో కొలంబోకో సింగపూర్‌కో పోవాలి. అక్కడ దింపాలి, మళ్లీ ఎక్కించాలి. ఆ దింపి ఎక్కించే పనేదో మన దీవిలోనే జరిగితే? అక్కడే లోతైన రేవు, గోదాములు, క్రేన్లు ఉంటే? ఆ దీవులకు విశాఖపట్నం గుమ్మం అవుతుంది. విశాఖ గుమ్మమైతే మన అనకాపల్లి ఆ గుమ్మం ముందు అరుగు. అరుగు అనగానే పిల్లలు నవ్వేవారు. వాళ్లు నవ్వితే నాకు ఇంకా ఊపు వచ్చేది.

ఆ మాటలు అబద్ధాలు కావు. ఇప్పటికీ నమ్ముతాను. నా సిగ్గు ఆ మాటల గురించి కాదు.

రెండు వేల సంవత్సరం దాటి మూడు నాలుగేళ్లయి ఉంటుంది. ఎక్కడ చూసినా ఎగుమతులు, కంటైనర్లు అన్న మాటలే వినిపించే రోజులు. బెల్లం వర్తకుల సమావేశంలో మాట్లాడమని నన్ను పిలిచారు. పేపర్లలో చదివినవీ, లైబ్రరీలో రాసుకున్నవీ కలిపి గంటసేపు దంచాను. చప్పట్లు కొట్టారు. మెడలో దండ వేశారు. ఇంటికి వచ్చాక కూడా ఆ దండ తీయలేదు నేను. మా ఆవిడ చూసి, "ఆదివారం గుడికి కూడా దీంతోనే వస్తారా?" అంది. ఆవిడకు నా సంగతి నాకంటే ముందే తెలుసు.

రెండు రోజుల తర్వాత కమిషన్ కొట్టు షావుకారు ఒకాయన కబురు పంపాడు. పెద్దమనిషే. మాట కరుకుగా ఉన్నా లోపల కల్మషం లేని మనిషి. పోర్ట్‌బ్లెయిర్‌లో మన శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లి స్థిరపడిన వాళ్ల దుకాణం ఒకటి ఉందనీ, వాళ్లు అనకాపల్లి బెల్లం అడుగుతున్నారనీ చెప్పాడు.

"ఒక లోడు పంపి సూద్దామనుకుంటన్నాను మేస్టారూ. బాగుంటే అక్కడి నించి ఇంకో దేశానికి కూడా ఎళ్తాది కదా, మీరు సెప్పినట్టు. ఎవరి బెల్లం పంపితే బాగుంటాదంటారు?"

నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "మా బావది" అన్నాను.

బావ అంటే చుట్టరికం ఏమీ లేదు. మా నాన్న కె. కోటపాడు దగ్గర ఒక పల్లెలో బడిపంతులుగా పనిచేసిన రోజుల్లో ఇద్దరం ఒకే బల్ల మీద కూర్చున్నాం. మాది క్రైస్తవ కుటుంబం, వాళ్లది చెరకూ వరీ పండించే రైతు కుటుంబం. ఎవరు మొదలుపెట్టారో గుర్తులేదు గాని, ఒకరినొకరం బావా అని పిలుచుకోవడం అప్పటి నుంచే. క్రిస్మస్‌కి మా అమ్మ వండే అరిసెలకు బెల్లం వాళ్లింటి నుంచే వచ్చేది. మా అరిసెల మొదటి వాయి వాళ్లింటికి వెళ్లేది.

బావ వండే బెల్లానికి మార్కెట్‌లో ఒక పేరు ఉండేది. రంగు చూస్తే ఏమీ ఉండదు. నల్లగా, ఎర్రమట్టి తడిసినట్టు ఉండేది. కాని దిమ్మను వేలితో కొడితే ఖంగుమనేది. ఏడాదిపాటు నిల్వ పెట్టుకునేవాళ్లు, మిఠాయి దుకాణాలవాళ్లు అదే అడిగేవారు. రసం కాగేటప్పుడు సున్నం వేసి, బెండకాడల జిగురు పోసి, పైకి తేలిన మడ్డి తీసి, పాకం ముదిరేదాకా పెనం దగ్గర నుంచి కదిలేవాడు కాదు. రంగు కోసం హైడ్రోస్ పౌడరు వేయడం అప్పటికి అందరికీ అలవాటైపోయింది. బావ మాత్రం వేసేవాడు కాదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ పల్లెల రైతుల్లో ఒక మర్యాద ఉండేది. వండినవాడు తన బెల్లం గురించి తాను మాట్లాడడు. మార్కెట్‌లో కుప్ప పక్కన తువ్వాలు భుజాన వేసుకుని నిలబడతాడు, అంతే. షావుకారు దిమ్మ మూల విరుస్తాడు, ఎండకు పట్టి రంగు చూస్తాడు, ఏదో ఒకటి అంటాడు. దానికి జవాబు చెప్పాలంటే వండినవాడి తరఫున వచ్చిన బావో, మామో, ఊరివాడో చెప్పాలి. తన బెల్లాన్ని తానే వెనకేసుకొస్తే, పాకంలో ఏదో లోపం ఉందనే అందరూ అనుకుంటారు. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే కాబట్టి నాకు ఇందులో వింత ఏమీ కనిపించేది కాదు.

షావుకారు దగ్గర మాట ఇచ్చేసి, మర్నాడు పొద్దున్నే బావ బెల్లం వండే కళ్లం దగ్గరికి వెళ్లాను. పెనం కింద చెరకు పిప్పి మండుతోంది. నన్ను చూసి చెరకు ముక్కకు వేడి పాకం చుట్టి చేతికిచ్చాడు. బెల్లం వండే చోటికి ఎవరొచ్చినా అది ఇవ్వాల్సిందే.

"ఏటి బావ, పొద్దున్నే ఇలగొచ్చేవు?"

"నీ బెల్లం ఓడ ఎక్కబోతోంది బావా."

"నానే ఇంకా ఓడెక్కనేదు. నా బెల్లం ఎక్కుతాదేటి?" అని పకపకా నవ్వాడు.

నేను అక్కడే బూడిదలో పుల్లతో పటం గీశాను. ఇది మన తీరం, ఇవి దీవులు, ఇక్కడి నుంచి పెద్ద ఓడలు. బావ గొంతుక్కూచుని శ్రద్ధగా చూశాడు. మా కాలేజీలో ఒక్క పిల్లవాడూ అంత శ్రద్ధగా చూసి ఎరుగడు.

"బాగుంది బావ. ఓడెన్ని రోజులు నడుత్తాది?"

"మూడు రోజులు అనుకో."

"ఎక్కీముందు సరుకెక్కడుంటాది?"

"పోర్టులో, గోదాములో."

"పక్కన ఏ సరుకెడతారు? ఉప్పు గాని, సేప గాని ఎట్టీరు కదా?"

"అదంతా నాకెలా తెలుస్తుంది బావా?"

"సర్లే. అక్కడ వానెన్ని నెలలు పడతాది?"

నేను నవ్వాను. ఎందుకు నవ్వానో, తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండిపోతుంది. గంటసేపు ప్రసంగం చేసినవాణ్ని, పుస్తకాలకు పుస్తకాలు తిరగేసినవాణ్ని, ఆ దీవుల్లో వాన ఎన్ని నెలలు పడుతుందో చూడలేదు. చూడలేదని ఒప్పుకుంటే పోయేది. "వాన ఎక్కడైనా వానే కదా బావా. నువ్వు బెల్లం వండు, వాన సంగతి నాకొదిలెయ్" అన్నాను.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. బెల్లం బంగారం రంగులో ఉండాలని పట్టుబట్టాను. అంతర్జాతీయ మార్కెట్ అంటే మొదట కంటికి నచ్చాలి, నల్ల దిమ్మలు చూస్తే పెట్టె మూసేస్తారు అని ఏదేదో చెప్పాను. అంతర్జాతీయ మార్కెట్‌ను నేనేదో కళ్లారా చూసి వచ్చినట్టు!

"పౌడరేత్తే రంగొత్తాది. గాని పాకం లేతగా దించాల. అది నిలవుండదు బావ" అన్నాడు.

"నేను చెబుతున్నాను కదా."

బావ మంటలోకి ఇంకాస్త పిప్పి తోశాడు. "నాను ఈ పౌడరెప్పుడూ ఏయనేదు. నువ్వు సదువుకున్నోడివి. నువ్వు సెప్పేవు కాబట్టి సేత్తాను" అన్నాడు.

లోడు కట్టే రోజు నేను కూడా వెళ్లాను. దిమ్మలన్నీ పసుపు ముద్దల్లా మెరుస్తున్నాయి. నాకు గర్వంతో ఛాతీ ఉబ్బింది. ఒక పక్కన మాత్రం తాటాకు చుట్టిన దిమ్మలు నాలుగైదు కనిపించాయి. ఆకు తప్పించి చూస్తే నల్లవి, బావ మామూలుగా వండేవి.

"ఇవెందుకు బావా, సరుకు అందం పాడుచేస్తాయి?"

"ఉండనీ బావ. ఇవి కూడా ఎళ్లనీ, సూద్దాం."

"అయితే అడుగున పెట్టించు, కనిపించకుండా" అన్నాను. అడుగునే పెట్టించాడు.

ఓడ ఆలస్యమైంది. సరుకు రేవులో ఎన్ని రోజులు పడి ఉందో నాకు సరిగ్గా తెలియదు. దీవికి చేరేసరికి అక్కడ వానలు మొదలయ్యాయట. మన దగ్గర రోహిణి ఎండలు పేలిపోతున్న రోజుల్లోనే అక్కడ వాన పట్టుకుంటుందని అప్పుడు తెలిసింది. షావుకారు దారిలో కనబడి ఆపాడు.

"మేస్టారూ, మీ బావగారి బెల్లం నీరయిపోయిందటండి. గోనెలకి అతుక్కుపోయి, సీమలు పట్టీసి, పారబోసుకున్నారట."

షావుకారు ఇంకా అంటున్నాడు. "ఆయన పాకానికి మంచి పేరే కదండి. ఏటయిందంటారు?"

జవాబు నాలుక చివరే ఉంది. తప్పు ఆయనది కాదండీ, నాది, పౌడరు వేయమన్నదీ లేతగా దించమన్నదీ నేనే అని అంటే సరిపోయేది. నడిరోడ్డు మీద, నన్ను గురువుగారిలా చూసే మనిషితో ఆ మాట అనలేకపోయాను. "మరి ఈసారి ఏమైందో" అని నీళ్లు నమిలాను.

ఇంటికొచ్చి బావకు ఫోన్ చేద్దామనుకున్నాను. రేపు చేద్దాంలే అనుకున్నాను. ఆ రేపు చాలా రోజులు నడిచింది. చివరికి బావే వచ్చాడు, ఏదో పని మీద అనకాపల్లి వచ్చినట్టు. బెల్లం ఊసు తనంతట తాను ఎత్తలేదు. నేనే, "విన్నావు కదా బావా, ఓడ ఆలస్యమైందట" అన్నాను. పాపం ఓడ మీదికి తోసేశాను. బావ తలూపి, "అవును, ఓడ కూడా ఆలస్యమయిందట" అన్నాడు. ఆ 'కూడా' నాకు వినబడింది. విననట్టు కాఫీ తాగాను.

తర్వాతి ఏడు బెల్లం కాలం వచ్చింది. బావ మళ్లీ తన పద్ధతిలోనే, పౌడరు లేకుండా వండాడు. మార్కెట్‌కి తెచ్చే ముందురోజు కబురు చేశాడు. "రేపు మార్కెట్‌కి ఓసారి వత్తావా బావ?" అంతే అన్నాడు. ఎందుకో ఇద్దరికీ తెలుసు. ఆ కుప్ప పక్కన నిలబడి ఒక్క మాట చెప్పడానికి నేను కావాలి. తన బెల్లం గురించి తను చెప్పుకోడు కాబట్టి.

వెళ్లాను. వెళ్లకుండా ఉన్నా ఇంత సిగ్గు ఉండేది కాదేమో. కుప్పల మధ్య వర్తకులు నడుచుకుంటూ వస్తున్నారు. బావ తువ్వాలు భుజాన వేసుకుని నిలబడ్డాడు. నేను పక్కన ఉన్నాను. షావుకారు వచ్చి దిమ్మ మూల విరవకుండానే ఆగాడు. ఆయనలో కసి ఏమీ లేదు. ఉన్నమాటే అన్నాడు.

"ఈయన పాకం తప్పింది. పోయినేడు ఓడెక్కిన బెల్లం నీరయిపోయింది. దీవోళ్ల ముందు మన ఊరి పేరు పోయింది."

చుట్టూ పదిమంది ఉన్నారు. బావ ఏమీ అనలేదు, అనడు. తల కొంచెం తిప్పి నా వైపు చూశాడు. అది అడిగే చూపు కాదు. వంతు వచ్చినవాడికి దారి ఇచ్చే చూపు.

నాకు గొంతు పెగల్లేదు అని రాస్తే అబద్ధమవుతుంది. గొంతు బాగానే ఉంది. ఆ తర్వాతి వారమే వర్తకుల సమావేశంలో మళ్లీ నా ప్రసంగం ఉంది. ఈసారి విశాఖ నుంచి రేవు సంగతులు తెలిసిన పెద్దలు వస్తున్నారు. నా పేరు ఆహ్వానం కార్డు మీద అచ్చయింది. ఈ షావుకారే అచ్చు వేయించాడు. ఆ పదిమంది ముందు తప్పు నాదని చెప్పి, వారం తిరక్కుండా అదే పదిమంది ముందు దీవుల గురించి ఏ ముఖం పెట్టుకుని మాట్లాడాలి? ఇంత లెక్క నా బుర్రలో ఒక్క క్షణంలో తిరిగింది. నేను కింద పడి ఉన్న చెరకు పిప్పిని చెప్పుతో పక్కకు నెడుతూ నిలబడ్డాను. షావుకారు పక్క కుప్పకు వెళ్లిపోయాడు. మిగతావాళ్లు ఆయన వెనకే వెళ్లారు.

మధ్యాహ్నానికి నాకు క్లాసు ఉందని చెప్పి వచ్చేశాను. క్లాసు లేదు. సాయంత్రం సారా కాచేవాళ్లకు బెల్లం చేర్చే మనిషి వచ్చి అడిగాడట. బావ అమ్మనన్నాడట. దిమ్మలన్నీ మళ్లీ బండికెత్తించి ఇంటికి తీసుకుపోయాడట. ఇది తర్వాత వేరే వాళ్లు చెబితే విన్నాను.

సమావేశం మార్కెట్ యార్డులోనే, రేకుల షెడ్డు కింద జరిగింది. ఆ రోజు నేను బ్రహ్మాండంగా మాట్లాడాను. దీవి రేవుగా మారితే ఏ సరుకు ఎటు పోతుందో వేళ్ల మీద చెప్పాను. ఎవరో లేచి, "మరి మనం పంపిన బెల్లం పాడైపోయింది కదండి?" అని అడిగారు. నేను గొంతు సవరించుకున్నాను. "అదే మనం నేర్చుకోవాల్సిన పాఠం. రేవులు కట్టినంత మాత్రాన సరిపోదు. నాణ్యత అంటే ఏమిటో మన రైతులకు ఇంకా తెలియదు. తెలియజెప్పాలి" అన్నాను.

చప్పట్లు కొట్టారు. ఈసారి కూడా దండ వేశారు. దాన్ని రిక్షాలోనే వదిలేసి ఇంటికి వచ్చాను. మా ఆవిడ ఏమిటలా ఉన్నారంది. తలనొప్పి అన్నాను. ఆదివారం గుడిలో పాస్టరుగారు ఒప్పుకోలు ప్రార్థన చదువుతుంటే అందరితో పాటు నేనూ పెదవులు కదిపాను. దేవుడి ముందు చెప్పుకోవడం సులువు. ఆయన బెల్లం కొనడు.

ఆ తర్వాత నేను కె. కోటపాడు వైపు వెళ్లడం తగ్గించాను. ఎదురుపడితే బావ మామూలుగానే పలకరించేవాడు. నేనే తప్పించుకు తిరిగాను. క్రిస్మస్‌కి అరిసెలు పంపించాం గాని నేను తీసుకెళ్లలేదు, బస్సులో వెళ్లే వాళ్లెవరి చేతో పంపించాం. ఆ ఏడాది వాళ్లింటి నుంచి బెల్లం రాలేదు. కొట్లో కొన్నాం.

మూడు నాలుగేళ్లు అలా గడిచాక, వేసవి సెలవుల్లో మా కాలేజీ లెక్చరర్లు కొందరు కలిసి అండమాన్ వెళ్దామన్నారు. నేను పటం మీద వందసార్లు వెళ్లిన చోటు. కాదనలేకపోయాను. విశాఖలో ఓడ ఎక్కాం. ఎక్కడానికే ఒక రోజు ఆలస్యం. మూడో రోజుకి దిగేసరికి వాన. ఆ వాన మేం తిరిగివచ్చే దాకా ఆగితే ఒట్టు. గదిలో ఉప్పు డబ్బా మూత తీస్తే ఉప్పు ముద్దయిపోయి ఉంది. దాన్ని చెంచాతో గీకుతూ కూర్చున్నాను. గీకుతుంటే బూడిదలో గీసిన పటం గుర్తొచ్చింది.

ఆ దుకాణం కోసం నేను వెతకలేదు. బజారులో తెలుగు మాట వినబడి ఒక కొట్లోకి వెళ్లాను. ఆ కొట్టాయన వాళ్లు తాతల నాడే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చారట. పెద్ద ఓడల గురించి అడిగితే నవ్వాడు.

"మా పక్క నించే ఎళ్తాయంటారు సార్. మేం సూసింది నేదు. మాకు ఒచ్చే ఓడ ఆలస్యమైతే ఉల్లిపాయలుండవు. అదొక్కటే తెలుసు. గాని రేవొత్తే మంచిదే సార్. రావాల."

మాదెక్కడ అని అడిగాడు. అనకాపల్లి అనగానే ఆయన ముఖం విప్పారింది. "అనకాపల్లి బెల్లం ఓసారి తెప్పించేను సార్. పైనున్నవన్నీ బంగారంలాగ మెరిసేయి. వారానికే కారిపోయి పెంట పెంట అయిపోయింది. పాకం రానోడెవడో వండేడు. గాని అడుగున తాటాకు సుట్టిన నల్ల దిమ్మలు నాలుగుండేయి సార్. అవి రెండు వానాకాలాలు నిలిచేయి. సెమ్మే పట్టనేదు. మా అమ్మ వాటిని బియ్యం డబ్బాలో దాసుకుని, పిల్లలు పుట్టినప్పుడు బాలింతలకి పెట్టింది. ఆ నల్లవి వండినాయనెవరో కనుక్కుని సెప్పండి సార్. ఆయన బెల్లమైతే ఎంతైనా తెప్పించుకుంటాం. అడిగి అడిగి నా పానం తీసేత్తన్నారు ఇక్కడ మనోళ్లు."

అక్కడ కూడా నేను చెప్పలేదు. పైవీ అడుగువీ వండింది ఒక్కడే అని, పాకం రానివాణ్ని నేనేనని చెప్పడానికి అంత దూరం వెళ్లినా నాకు నోరు రాలేదు. "కనుక్కుంటాను" అన్నాను. తల కొట్టేసినట్టయింది. అక్కడి నుంచి ఓడ ఎక్కేదాకా ఆ వీధిలోకి మళ్లీ వెళ్లలేదు.

ఓడలో తిరిగొస్తూ నిర్ణయించుకున్నాను. ఇంటికి వెళ్లి సామాను దింపి, మర్నాడే కె. కోటపాడు బస్సెక్కాను. దారిలో ఎలా మొదలుపెట్టాలో పదిసార్లు అనుకున్నాను. ముందు మంచి కబురు చెప్పాలి, తర్వాత నా తప్పు ఒప్పుకోవాలి, ఆ తర్వాత ఇద్దరం కలిసి షావుకారు దగ్గరికి వెళ్లాలి. అందరి ముందూ చెబుతాను. అప్పుడు చెప్పని మాట ఇప్పుడు చెబుతాను.

చెరకు తోట ఉండాల్సిన చోట సరుగుడు మొక్కలు కనిపించాయి. నడుము ఎత్తు పెరిగాయి. నేను దారి తప్పానేమో అనుకుని ఒకసారి వెనక్కి చూశాను. బావ గట్టు మీద కలుపు పీకుతున్నాడు. నన్ను చూసి చేతులు తువ్వాలుకు తుడుచుకుని వచ్చాడు. "ఏటి బావ, ఇన్నాళ్లకి దారి తెలిసిందేటి?" అని నవ్వాడు. ఇంటి ముందు బెల్లం పెనం బోర్లా పడి ఉంది. దాని కింద కోడి ఒకటి గుడ్లు పొదుగుతూ కూర్చుంది.

బావ భార్య టీ తెచ్చి, "అన్నయ్యా, బాగున్నారా?" అని పలకరించింది. టీ తాగాను. పంచదార టీ. ఆ ఇంట్లో నేను పంచదార వేసిన టీ తాగడం అదే మొదటిసారి.

చెప్పాను. దీవి సంగతి, దుకాణం సంగతి, అడుగున పెట్టించిన నల్ల దిమ్మలు రెండు వానాకాలాలు నిలిచిన సంగతి చెప్పాను. బాలింతలకు పెట్టారని చెప్పినప్పుడు బావ భార్య గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. "తప్పంతా నాది బావా. పౌడరు వేయమన్నది నేను. మార్కెట్‌లో నోరు మూసుకున్నది నేను. నన్ను క్షమించు. రేపే షావుకారు దగ్గరికి పోదాం, పదిమంది ముందు నేను చెబుతాను" అన్నాను.

బావ తువ్వాలు దులిపి మళ్లీ భుజాన వేసుకున్నాడు. కోపం ఉంటే బాగుండునని నా ఆశ. తిడితే కొంత తీరేది.

"ఇప్పుడేటి సెప్తావు బావ? సెప్పడానికి బెల్లం నేదు కదా" అన్నాడు. తర్వాత, మామూలు సంగతి చెబుతున్నట్టు అన్నాడు. "నువ్వు షెడ్డులో మాటాడిన రోజు నానొచ్చేను. ఎనకాల నించున్నాను. ఆ రోజైనా సెప్తావేమో అని వచ్చేను."

నాకు చేతిలో గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. నాణ్యత అంటే ఏమిటో మన రైతులకు తెలియదు అని నేను అన్నప్పుడు, చప్పట్లు కొట్టినప్పుడు, దండ కోసం నేను మెడ వంచినప్పుడు బావ ఆ రేకుల కింద, ఆ జనం వెనక ఉన్నాడు. అప్పటి నుంచి ఎదురుపడ్డ ప్రతిసారీ నన్ను బావా అనే పిలిచాడు.

బావ భార్య కన్నీళ్లు తుడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయింది. మేమిద్దరం మిగిలాం. బావ బోర్లించిన పెనం వైపే చూస్తున్నాడు.

"అవును గాని బావ, అక్కడ వానెన్ని నెలలు పడతాది?"

ఈసారి నాకు తెలుసు. "ఏడెనిమిది నెలలు" అన్నాను.

"ఎనిమిది నెలలా!" బావ కళ్లు పెద్దవి చేశాడు. నన్ను మర్చిపోయాడు. వేళ్లు మడిచి ఏదో లెక్క చూసుకున్నాడు. "అయితే ఆ నల్లవి కూడా లేతే బావ. ఇంకో పొంగు రానివ్వాల్సింది. నాకు తెల్దు, తెలిస్తే ఇంకో పొంగు రానిచ్చీవోణ్ని."